నెత్తిమీది బంతి

గడియారాలాయన దుకాణం వెడల్పు సరిగ్గా మూడడుగులు. ఒకపక్క మందుల షాపు, ఇంకోపక్క జిరాక్సు షాపు. ఆ రెండు గోడల మధ్య మిగిలిన సందులో ఒక బల్ల, బల్లమీద అద్దాల పెట్టె, బల్ల వెనక స్టూలు, స్టూలు మీద ఆయన. పద్దెనిమిదో ఏట మేనమామ దగ్గర పని నేర్చుకోవడానికి ఆ స్టూలు ఎక్కాడు. మేనమామ కాలం చేశాడు, స్టూలు రెండుసార్లు మారింది, ఆయన మాత్రం దిగలేదు. కుడికంటికి భూతద్దం బిగించుకుని, మెడ వంచి, ఆవగింజలో సగం ఉండే మరని పట్టకారుతో ఎత్తి దాని చోట్లో దాన్ని కూర్చోబెట్టడం ఆయన పని. ఊపిరి గట్టిగా వదిలితే ఆ మర ఎగిరి ఎక్కడో పడుతుంది. అందుకని ఊపిరి కూడా పొదుపుగానే తీసుకునేవాడు.

ఫోనులు వచ్చి అందరికీ టైము చెప్పడం మొదలుపెట్టాక ఆ వీధిలో మిగతా గడియారాల దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఈయనది మిగిలింది. నాన్న పెట్టుకున్న వాచీ ఆగిపోతే మనసొప్పక తెచ్చేవాళ్లు ఎప్పుడూ కొందరు ఉంటారు. వాళ్ల పుణ్యమా అని ఆయన చేతికి పని తప్పలేదు.

యాభై ఆరో ఏట మెడ ఎదురుతిరిగింది. పొద్దున్నే లేస్తే తల పక్కకి తిరగదు. మధ్యాహ్నానికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. భార్య పోరు పడలేక డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

"రోజుకో గంట ఆ బల్ల దగ్గర కాకుండా ఇంకెక్కడైనా ఉండండి. దూరంగా చూడండి. కదిలే వస్తువు దేన్నైనా చూడండి" అన్నాడు డాక్టరు.

"బస్సుని చూస్తే సరిపోతుందాండీ?"

"దాని వెనక పరిగెత్తితే సరిపోతుంది."

సరిగ్గా ఆ ఏడే కొడుకు పెళ్లయింది. కోడలు బడిపిల్లల బస్సు నడుపుతుంది. కాపురానికి వస్తూ రెండు సూట్‌కేసులు, పొడుగాటి నల్లసంచీ ఒకటి తెచ్చుకుంది. అత్తగారు ఆ సంచీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం వాద్యం అమ్మా ఇది, నువ్వు పాడతావని మాకెవరూ చెప్పలేదే!" అంది. కోడలు జిప్పు లాగి చూపించింది. టెన్నిస్ రాకెట్టు. ఆ అమ్మాయి చదువుకునే రోజుల్లో కాలేజీ తరఫున ఆడిందట.

పెళ్లయిన కొత్తల్లో మొగుణ్ణి ఆటకి లాక్కెళ్లాలని చాలా ప్రయత్నం చేసింది. అతను కరెంటు మీటర్ల ఆఫీసులో పని చేస్తాడు. మనిషి బంగారం, కానీ నిద్ర దగ్గర మాత్రం ఎవరి మాటా వినడు. "తెల్లారకుండా మనిషిని లేపడం పాపం" అని దుప్పటి నెత్తిమీదికి లాక్కునేవాడు. నెల్లాళ్లు చూసి ఆమె ఆ ఆశ వదిలేసుకుంది. ఒకరోజు వాకిట్లో మెడ రుద్దుకుంటూ నిలబడ్డ మావగారిని చూసి, "పోనీ మీరు వస్తారా మావయ్యా?" అని అడిగింది. ఏదో మాటవరసకి అడిగింది. ఆయన లోపలికి వెళ్లి బూట్లు వేసుకుని వచ్చేశాడు.

నీటి సరఫరా ఆఫీసు వెనక రెండు సిమెంటు కోర్టులున్నాయి. ఒకదానికి మధ్యలో పగులు, ఇంకోదానికి నెట్ కాస్త వేలాడుతుంది. పొద్దున్న అయిదున్నర నుంచి ఆరున్నర దాకా మావా కోడళ్లు అక్కడ ఆడేవాళ్లు. ఏడింటికల్లా ఆమె బస్సు ఎక్కాలి. మొదటి ఆరు నెలలు ఆయన బంతులు ఏరుకోవడానికే వెళ్లినట్టుండేది. తర్వాత్తర్వాత ఒక సంగతి బయటపడింది. వెనక గీత దగ్గర నిలబెడితే ఆయన పది మందిలో పదోవాడు. నెట్ దగ్గర నిలబెడితే ఆయన చేతికి తిరుగులేదు. ఎంత వేగంగా వచ్చిన బంతినైనా రాకెట్టు అలా ఆనించి, ఊపంతా మింగేసి, నెట్ అవతల జానెడు దూరంలో పడేసేవాడు. అది మళ్లీ లేవదు. ఎదురుగా ఉన్న కోడలు పరిగెత్తుకొచ్చి బోర్లా పడబోయి, "ఇదెక్కడి అన్యాయం మావయ్యా!" అని నెట్ పట్టుకుని నిలబడేది.

ఆ ఊళ్లో ఏటా చలి తగ్గాక ఒక పోటీ జరుగుతుంది. ఒకే ఇంటి మనుషులు ఇద్దరు జోడీగా ఆడాలి. భార్యాభర్తలు, అన్నదమ్ములు, తండ్రీకూతుళ్లు వస్తారు. గడియారాలాయనకి అరవై నిండిన ఏడు కోడలు ఇద్దరి పేర్లూ ఇచ్చేసింది. మావా కోడళ్ల జోడీ అంతకుముందు ఎవరూ చూడలేదు. మొదటి ఆట చూడ్డానికే యాభై మంది పోగయ్యారు.

ఎదుటివాళ్లు పళ్ల డాక్టరూ, ఆయన చెల్లెలూ. చెల్లెలు బళ్లో ఆటల టీచరు. వరసగా మూడేళ్ల నుంచి కప్పు వాళ్లింట్లోనే ఉంది. అయినా మొదటి నాలుగు గేముల్లో వాళ్లకి ఏం పాలుపోలేదు. ఎటు కొట్టినా గడియారాలాయన నెట్ దగ్గర కాపు కాసి బంతిని చంపేస్తున్నాడు. చెరి రెండు గేములు అయ్యాయి. అప్పుడు పళ్ల డాక్టరు, తెలిసి వేశాడో తప్పక వేశాడో, ఒక బంతిని ఎత్తుగా గడియారాలాయన నెత్తిమీదుగా లేపాడు. దాన్ని ఆటలో లాబ్ అంటారు. దానికి మందు స్మాష్, అంటే నెత్తిమీదనే బంతిని అందుకుని కిందికి బలంగా బాదడం.

గడియారాలాయన బాదలేదు. మెడ లోపలికి లాక్కుని, కళ్లు మూసుకుని, రాకెట్టు అడ్డంగా తలమీద పెట్టుకుని నిలబడ్డాడు. అచ్చం వానలో గొడుగు పట్టుకున్నట్టు. బంతి వెనకాల ఎక్కడో పడింది. ఒక్క క్షణం ఎవరికీ ఏం అర్థం కాలేదు. తర్వాత కోర్టు చుట్టూ ఉన్న జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఆపైన పళ్ల డాక్టరు దాచుకోకుండానే అరిచాడు. "చెల్లీ, పైకి! అన్నీ పైకే!"

అన్నీ పైకే వచ్చాయి. రెండోదానికి వెనక్కి వెనక్కి నడిచి ఆయన కూలబడ్డాడు. మూడోదానికి మళ్లీ గొడుగు పట్టాడు. వెనక నుంచి కోడలు ఒక్కతే రెండు మూలలకీ పరిగెత్తి పరిగెత్తి ఎర్రగా కందిపోయింది. ఆరు రెండు, ఆరు సున్నా. గంట కూడా పట్టలేదు.

మర్నాడు దుకాణం తలుపు తీస్తుంటే మందుల షాపాయన పలకరించాడు. "ఏం గొడుగుగారూ, ఇవాళ వాన పడేలా ఉందంటారా?"

గడియారాలాయన కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? కానీ ఆ రోజు ఒకే మర ఆయన పట్టకారులోంచి మూడుసార్లు జారిపోయింది. అలా నలభై ఏళ్లలో ఎప్పుడూ జరగలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి రాకెట్టు మేకుకి తగిలించాడు. "అమ్మాయ్, వచ్చే ఏడు నువ్వు ఇంకెవర్నైనా చూసుకో."

"ఇంకెవర్ని చూసుకోను? ఒకే ఇంటివాళ్లయి ఉండాలి కదా. మీ అబ్బాయినా?"

"నన్ను లాగకండి" అని లోపలి గదిలోంచి కొడుకు గొంతు వినిపించింది.

కోడలు మావగారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "నిజం చెప్పండి మావయ్యా. మీకు బంతంటే భయం లేదు. మొహం మీదికి వచ్చే బంతికి కన్ను కూడా ఆర్పరు. మరి పైకి ఎందుకు చూడరు?"

వంటింటి గుమ్మంలో భార్య నిలబడి వింటోందని తెలిసీ ఆయన చెప్పేశాడు. "తల వెనక్కి వంచితే నేల పక్కకి జరిగినట్టుంటుంది. కళ్లు బైర్లు కమ్ముతాయి. అందుకే వంచను. పైనున్న ఫ్యాను చూసి ఎన్నేళ్లయిందో!"

"ఎన్నాళ్ల నుంచీ?" అంది భార్య.

"నాలుగైదేళ్లు అయి ఉంటుంది."

"అయిదేళ్ల నుంచి కళ్లు తిరుగుతుంటే నాకు ఒక్క మాట చెప్పలేదా? ఊరందరి గడియారాల రోగాలూ కనిపెడతారు, మీ రోగం మాత్రం గుట్టుగా దాచుకుంటారా!" అంటూనే ఆమె చెప్పులు వేసుకుంది. ఆ పూటే ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్లారు.

పరీక్షలయ్యాక డాక్టరు చెప్పిందేమిటంటే, భయపడాల్సింది ఏమీ లేదు. నలభై ఏళ్లు ఒకేవైపు వంగిన మెడ కట్టెలా బిగిసిపోయింది. నెమ్మదిగా వదులు చేసుకోవాలి. రోజూ చెయ్యాల్సినవి అయిదారు రకాల కసరత్తులు కాగితం మీద రాసిచ్చాడు. "ఆట మానెయ్యమంటారా?" అని గడియారాలాయన అడిగాడు. ఆ గొంతులో మానెయ్యమనాలన్న కోరిక కాస్త ఉంది. "మానితే ఊరుకోను" అన్నాడు డాక్టరు.

ఇక కోడలు నడుం బిగించింది. మర్నాటి నుంచి రాకెట్టు ముట్టుకోవద్దంది. మూడు వారాలు ఉత్త కాళ్ల పనే.

"లాబ్‌ని తిప్పికొట్టేది చేత్తో కాదు మావయ్యా, కాళ్లతో. బంతి పైకి లేచిందని తెలియగానే కుడికాలు వెనక్కి వెయ్యాలి. ఒళ్లు పక్కకి తిరగాలి. అక్కణ్ణించి కాలు మీదుగా కాలు వేసుకుంటూ పక్కవాటుగా వెళ్లాలి. వెనక్కి వెనక్కి నడిచారో, మళ్లీ కూలబడతారు. బంతి కిందికి చేరాక చిన్న చిన్న అడుగులు. చివరిదాకా కాళ్లు ఆగకూడదు."

ఆమె సుద్దముక్కతో కోర్టు మీద అడుగులు గీసింది. ఆ గుర్తుల మీద ఆయన నెట్ దగ్గర నుంచి వెనక గీత దాకా, మళ్లీ నెట్ దాకా, పొద్దున్నే యాభైసార్లు తిరిగేవాడు. మొదటి వారం ఒక కాలికి ఇంకో కాలు అడ్డం పడేది. పిక్కలు పట్టేసి మెట్లు దిగడానికి చుక్కలు కనిపించేవి. దుకాణంలో బేరం లేనప్పుడు బల్ల వెనక ఉన్న ఆ కాస్త చోటులోనే పక్కకి రెండడుగులు, ఇటు రెండడుగులు వేసేవాడు. జిరాక్సు షాపులో పనిచేసే ఆవిడ తొంగిచూసి, "చీమలు కుడుతున్నాయా అండీ?" అని అడిగింది. "కాదమ్మా, నేనే వాటిని కుట్టబోతున్నాను" అన్నాడు.

నాలుగో వారంలో బంతులు వచ్చాయి. రాకెట్టు మాత్రం ఇంకా రాలేదు. పైనించి పడే బంతిని ఎడంచేత్తో నెత్తిమీదే పట్టుకోవాలి. అది కోడలి ఆజ్ఞ. బంతి కిందికి ఒళ్లు చేరకపోతే చేతికి అందదు, అందితే కాళ్ల పని కుదిరినట్టు లెక్క. అయితే బంతి వెయ్యడానికి ఎత్తులో ఒక మనిషి కావాలి. ఆ పని భార్య మీద పడింది. వాళ్ల ఇంటికి మేడమీద బట్టలు ఆరేసుకునే చిన్న బాల్కనీ ఉంది. ఆయన కింద వాకిట్లో నిలబడితే ఆవిడ పైనించి వెయ్యాలి.

"ముప్ఫై మూడేళ్ల కాపురంలో మీ నెత్తిన ఏదో ఒకటి వెయ్యాలని ఎన్నిసార్లు అనిపించిందో నాకే తెలుసు" అంది ఆవిడ బంతుల బుట్ట చంకన పెట్టుకుని. "ఇప్పుడు మీ అంతట మీరే అడిగారు. తర్వాత నన్ను అనకండి."

మొదటి రోజు బుట్టెడు బంతుల్లో రెండు చేతికి దొరికాయి. ఆరు నెత్తిన పడ్డాయి. తల వెనక్కి వంచినప్పుడల్లా వాకిలి ఒకపక్కకి ఒరిగేది. ఆయన గోడ పట్టుకుని నిలదొక్కుకునేవాడు. పైనించి ఆవిడ, "చాలు, ఇవాళ్టికి ఆపండి" అనేది. "ఇంకొక్కటి వెయ్యి" అనేవాడు. ఆ ఇంకొక్కటి ఇంకో పది అయ్యేది.

అలా పది రోజులు గడిచాయి. పదకొండో రోజు పొద్దున్న ఆయన బంతి కోసం ఎదురుచూస్తుండగా పక్కింటాయన ప్రహరీ మీంచి ఏదో అడిగాడు. జవాబు చెప్పడానికి గడియారాలాయన అటు తిరిగాడు. అది చూసుకోకుండా భార్య, "ఇదిగో!" అని బంతి వదిలేసింది. ఆయన ఉన్న భంగిమలోనే ఎడమభుజం మీదుగా పైకి చూసి చెయ్యి చాపాడు. బంతి అరచేతిలో పడింది. వాకిలి ఒరగలేదు.

ఆయన మాట సగంలో ఆపేశాడు. "ఇంకోటి వెయ్యి."

మళ్లీ పక్కకి తిరిగే ఉన్నాడు. బంతి మళ్లీ చేతికి వచ్చింది, నేల ఉన్నచోటే ఉంది. ఈసారి ఎదురుగా తిరిగి మెడ వెనక్కి వంచాడు. కళ్లు తిరిగాయి. పక్కకి తిరిగి చూశాడు. తిరగలేదు. పాడయిన గడియారాన్ని పరీక్షించినట్టు అటొకసారి, ఇటొకసారి, పదిసార్లు చూశాడు. ఇన్నాళ్లూ కాళ్లు పక్కకి తిప్పుతూ వచ్చాడే గానీ, బంతి కనిపించగానే ఛాతీ మళ్లీ ఎదురుగా తిప్పేసి తల వెనక్కి విరుచుకుంటున్నాడు. భుజాలు పక్కకే ఉంచితే మెడ వెనక్కి విరగాల్సిన అవసరమే లేదు. భుజం మీదుగా చూస్తే చాలు.

బూట్ల తాళ్లు కట్టుకుంటున్న కోడలి దగ్గరికి పరుగున వెళ్లాడు. "అమ్మాయ్! తల తిప్పడం కాదు, మనిషంతా తిరగాలి!"

ఆమె తలెత్తి చూసింది. "నెలరోజుల నుంచి నేను చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తున్నది అదే కదా మావయ్యా!"

"నువ్వు చెప్పావు. నాకు ఇప్పుడు తెలిసింది."

ఆ రోజే రాకెట్టు చేతికిచ్చింది.

తెలియడం వేరు, బంతి తగలడం వేరు. మొదటి నలభై స్మాషుల్లో సగం రాకెట్టు చట్రానికి తగిలి టంగుమన్నాయి. కొన్ని నెట్‌లోకి, కొన్ని ఆకాశంలోకి పోయాయి. ఒకటి పంపుల గది కిటికీలోంచి లోపలికి పోతే, అక్కడి ఉద్యోగి బంతి పట్టుకుని బయటికి వచ్చి, "నీళ్లు రాకపోతే కాగితం రాసివ్వాలి గానీ ఇలా కొడతారా?" అన్నాడు. ఒకరోజు వరసగా పన్నెండు తప్పేసరికి కోడలికి ఓపిక చచ్చింది. "మీరు బంతిని కొడుతున్నారా, దోమని కొడుతున్నారా మావయ్యా?" అని అరిచి, వెంటనే నాలుక కరుచుకుంది. గడియారాలాయన పడీ పడీ నవ్వాడు. "దోమని ఇంతకంటే బాగా కొడతాను తల్లీ. ఇంకోటి వెయ్యి."

నెమ్మదిగా దారిలో పడ్డాడు. ఎడంచెయ్యి బంతిని చూపిస్తూ పైకి లేవడం, రాకెట్టు వీపు వెనక్కి వెళ్లడం, బంతి తన ముందర కాస్త కుడివైపున ఉండగానే చెయ్యి పూర్తిగా సాగడం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి కుదరసాగాయి. ఎండ కళ్లలో పడితే, చూపించే ఆ ఎడంచేత్తోనే సూర్యుణ్ణి మూసెయ్యడం తనంతట తనే కనిపెట్టాడు. గాలి రోజుల్లో బంతి చివరి క్షణంలో పక్కకి జరిగేది. ఆగకుండా చిన్న అడుగులు వేస్తూ ఉంటే ఆయనా దాంతోపాటే జరిగేవాడు. బలం ఎక్కువ పెట్టలేడు. అరవై ఏళ్ల భుజం కదా! కానీ ఎక్కడ వెయ్యాలంటే అక్కడ వేసేవాడు. కోడలు అవతలి కోర్టులో చెప్పు పెడితే, పదింటిలో ఆరుసార్లు దానిమీద బంతి పడేది. చెప్పులు నాలుగు జతలు అరిగాయని అత్తగారి ఫిర్యాదు.

ఏడాది తిరిగింది. పోటీ మొదలైంది. మొదటి ఆటలో ఒక భార్యాభర్తల జోడీ, పోయినేటి ముచ్చట విన్నవాళ్లే, రెండో బంతికే లాబ్ వేశారు. గడియారాలాయన కుడికాలు వెనక్కి వేశాడు, తిరిగాడు, మూడడుగులు వేసి మూలకి బాదాడు. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఆట, తర్వాతది, ఆ పైదీ గెలిచారు. ఆదివారం సాయంత్రం ఫైనల్లో ఎదురుగా ఉన్నది పళ్ల డాక్టరూ, ఆయన చెల్లెలూ.

ఆ రోజు కోర్టు చుట్టూ కంచె కనపడకుండా జనం. ఎన్నడూ ఆట చూడ్డానికి రాని భార్య కూడా వచ్చింది. నలుగురూ నవ్వితే తట్టుకోలేనని ఇన్నాళ్లూ రాలేదు. ఇవాళ కొడుకు పక్కన ముందు వరసలో కూర్చుంది. కొడుకు మధ్యాహ్నం నిద్ర మానుకుని వచ్చాడు, అది చాలా పెద్ద విషయం.

మొదటి సెట్టులో గడియారాలాయన అడుగులు తడబడ్డాయి. అంతమంది చూస్తుంటే ఇంట్లో వేసిన అడుగులు గుర్తు రాలేదు. లాబులు అయిదొస్తే రెండు కొట్టాడు, మూడు పోగొట్టాడు. ఎవరో వెనకాల నుంచి, "గొడుగు తియ్యండి మాస్టారూ!" అని అరిచారు. సెట్టు ఆరు మూడుతో పోయింది.

విరామంలో నీళ్ల సీసా అందిస్తూ కోడలు అంది, "ఒక్కటే మాట మావయ్యా. గెలుపు సంగతి మర్చిపోండి. అత్తయ్య బాల్కనీలోంచి వేస్తోందనుకోండి."

ఆయన ముందు వరసవైపు చూశాడు. భార్య చెయ్యి ఊపలేదు, నవ్వలేదు. ఉత్తినే రెండు వేళ్లతో పైకి చూపించింది. చూడండి, అన్నట్టు.

రెండో సెట్టులో మొదటి లాబ్ వచ్చింది. కుడికాలు వెనక్కి పోయింది. భుజాలు తిరిగాయి. బంతి ఆయన రాకెట్టు మధ్యలో తగిలి, టప్పుమన్న చప్పుడుతో అవతలి ఇద్దరి మధ్యలోంచి దూసుకుపోయింది. ఆ చప్పుడు చట్రానికి తగిలినప్పటి చప్పుడు కాదు. జనంలో కొందరు లేచి నిలబడ్డారు. రెండోది వచ్చింది, ఎడమ మూలకి పోయింది. మూడోది, కుడి మూలకి. నాలుగోదానికి పళ్ల డాక్టరు తన కోర్టులో వెనక్కి జరిగి సిద్ధంగా ఉన్నాడు. గడియారాలాయన అంత దూరంనుంచీ ఆయన్ని చూసి, రాకెట్టుని మెత్తగా దించి, నెట్ అవతల జానెడు దూరంలో బంతి పడేశాడు. డాక్టరు పరిగెత్తుకు వచ్చేసరికి అది రెండోసారి కూడా నేల తాకేసింది.

"పైకి వద్దు చెల్లీ! సూటిగా!" అన్నాడు డాక్టరు.

సూటిగా వస్తే గడియారాలాయనకి కావాల్సిందేముంది? కింద వస్తే కింద చంపాడు, పైన వస్తే పైన చంపాడు. ఎదుటివాళ్లకి ఎటు వెయ్యాలో తోచలేదు. వాళ్లు తడబడిన చోటల్లా కోడలు వెనక నుంచి బంతిని గీత మీదికి తోసేది. అయినా అన్నాచెల్లెళ్లు అంత తేలిగ్గా లొంగే రకం కాదు, పంటి బిగువున పోరాడారు. రెండో సెట్టు ఏడు అయిదుతో మావా కోడళ్లకి వచ్చింది. ఇక మిగిలింది టైబ్రేక్. ముందుగా పది పాయింట్లు, రెండు తేడాతో తెచ్చుకున్నవాళ్లదే కప్పు.

మూడు మూడు. అయిదు ఆరు. ఎనిమిది ఎనిమిది. జనం అరవడం మానేశారు. కోడలి సర్వీసుకి టీచరు బంతి బయటికి కొట్టింది. తొమ్మిది ఎనిమిది.

తర్వాతి బంతికి కోడలిని వాళ్లు కుడి అంచు దాకా లాగేశారు. ఆమె కాలు జారుతూ ఎలాగో తిరిగి పంపింది. ఇప్పుడు వెనకంతా ఖాళీ. పళ్ల డాక్టరు ఆ ఖాళీ చూశాడు. సర్వశక్తులూ పెట్టి, ఆ సాయంత్రం మొత్తంలో అన్నిటికన్నా ఎత్తైన లాబ్ లేపాడు. బంతి ఎర్రటి ఎండలోకి వెళ్లి కనపడకుండా పోయింది.

"మీదే మావయ్యా!" అని కోడలి కేక.

ఆయన అప్పటికే తిరిగేశాడు. కాలు మీదుగా కాలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎడంచెయ్యి లేచి సూర్యుణ్ణి మూసింది. వేళ్ల సందులోంచి నల్లటి చుక్కలా బంతి కనిపించింది. గాలికి అది ఇంకా వెనక్కి జరుగుతోంది. ఆయనా జరిగాడు, చిన్న అడుగు, ఇంకో చిన్న అడుగు. అయినా అందేలా లేదు. అప్పుడు ఆయన ఎన్నడూ అభ్యాసం చెయ్యని పని ఒకటి చేశాడు. ఎగిరాడు. అరవై ఒక్క ఏళ్ల మనిషి, రెండు కాళ్లూ నేల వదిలిపెట్టి, గాలిలో పూర్తిగా సాగి బంతిని అందుకున్నాడు. అది ఇద్దరి మధ్యా పడి, ఎగిరి, వెనక ఉన్న కంచె దాటి నీళ్ల ఆఫీసు ఆవరణలోకి పోయింది.

ఆయన నేలమీదికి దిగి నిలబడ్డాడు. కూలబడలేదు. అది తల్చుకునే లోపలే కోడలు వచ్చి మీద పడింది. "మావయ్యా! ఎగిరారు! మీరు ఎగిరారు!" అని ఏడుస్తూ నవ్వుతూ ఆయన భుజాలు పట్టుకుని ఊపేసింది. జనం గోల ఆకాశాన్ని అంటింది. కొడుకు కుర్చీ ఎక్కి ఈలలు వేస్తున్నాడు. పళ్ల డాక్టరు నెట్ చుట్టూ తిరిగి వచ్చి, రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"పోయినేడు నేను అలా అరిచి ఉండాల్సింది కాదు మాస్టారూ. అప్పటినుంచీ మనసులో ఉండిపోయింది."

"మీరు అలా అరవకపోతే నేను ఇవాళ పైకి చూసేవాణ్ణి కాదు" అన్నాడు గడియారాలాయన. ఉత్తుత్తి మర్యాదకి అన్నది కాదు, నిజంగానే అన్నాడు.

భార్య నెమ్మదిగా దగ్గరికి వచ్చింది. ఏమంటుందోనని అందరూ చూస్తున్నారు. పైటచెంగుతో ఆయన నుదుటి చెమట తుడిచి, "మెడ ఎలా ఉంది?" అని మాత్రం అడిగింది. ఆయన మెడ ఇటు తిప్పి, అటు తిప్పి చూపించాడు. అప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు పొద్దున్న మామూలు టైముకే దుకాణానికి వెళ్లాడు. కప్పు ఇంట్లోనే వదిలేశాడు. తాళం తీస్తుండగా మందుల షాపాయన, జిరాక్సు ఆవిడ, వీధిలో పోయేవాళ్లు నలుగురూ చుట్టూ మూగారు. నిన్న ఆటకి రాలేకపోయానని మందుల షాపాయన ఒకటే బాధ. ఆ చివరి దెబ్బ ఎలా కొట్టారో చూపించే దాకా షట్టరు ఎత్తనివ్వనన్నాడు.

"రాకెట్టు లేదుగా" అన్నాడు గడియారాలాయన.

ఎవరో చేతిలో ఉన్న దినపత్రిక అందించారు. ఆయన దాన్ని గట్టిగా చుట్టి పట్టుకుని, నలుగురినీ కాస్త వెనక్కి జరగమని, ఫుట్‌పాత్ మీద పక్కవాటుగా నాలుగడుగులు వేసి గాలిలోకి బాదాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

"సరిగ్గా చూడలేదండీ, మళ్లీ ఒక్కసారి" అంది జిరాక్సు ఆవిడ.

గడియారాలాయన నలిగిన పేపరుని మళ్లీ బిగించి చుట్టాడు. తాళంచెవి జేబులో పెట్టుకుని, కుడికాలు వెనక్కి వేశాడు.